పద్నాలుగో నంబరు మిషన్

శ్రీమతి సొరంగం గారికి,

ఉత్తరం మొదట్లో అందరం క్షేమం అని రాస్తారు. నేనూ, నీ కూతురూ క్షేమమే. మూడో మనిషి సంగతి నువ్వే అడిగావు. చెప్తాను, కానీ నన్ను కాస్త నెమ్మదిగా రానివ్వు. నువ్వు ఆ కొండ కడుపులో ఒంట్లో బాగానే ఉన్నావనీ, నెత్తిమీద హెల్మెట్ లేకుండా తిరగడం లేదనీ అనుకుంటున్నాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. పిచ్చుక పైపన్ను ఊడింది. "అమ్మ వచ్చేదాకా ఆగమని చెప్పాను, వినలేదు" అని పన్ను మీదే అలిగి, దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి నీ బీరువాలో దాచింది. వంటింటి కుళాయి నేనే బాగుచేశాను. మర్నాడు ప్లంబర్ వచ్చి నేను చేసిందాన్ని బాగుచేశాడు. సొరంగం రెండు కొసలూ కలవడానికి ఇంకా నలభై మీటర్లే ఉందని రాశావు కదా, అది చదివి వినిపిస్తే పిచ్చుక "అవతలివాళ్లు ఇంకోవైపు తవ్వుకుంటూ పోతే?" అని అడిగింది. మీ అమ్మ కొలతలు తప్పవు, పడుకో అన్నాను.

ఇక మిగిలినవి రెండు. పోయినవారం క్యాంపు ఫోన్లో అంత ముక్తసరిగా ఎందుకు మాట్లాడావు అన్నావు. పిన్నికి మూడు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు లేదు, ఒంట్లో బాగా లేదా అన్నావు. ఈ రెంటికీ జవాబు ఒకటే. నీ ఉత్తరం వచ్చి పది రోజులైనా కలం పట్టుకోకపోవడానికీ అదే కారణం.

నేను చేసే పనేంటని పెళ్లైన తొమ్మిదేళ్లలో నువ్వు మూడుసార్లు అడిగావు, మూడుసార్లూ నేను చెప్తుండగానే నిద్రపోయావు. ఈసారికి మెలకువగా ఉండు, ఇది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు. మా ఆసుపత్రికి వచ్చే ఈ-మెయిలూ, ఇక్కణ్ణుంచి పోయే ఈ-మెయిలూ అన్నీ ఒకే పెట్టెలోంచి వెళ్తాయి. అది గుమ్మంలో కాపలాదారు. బయట్నుంచి వచ్చినదాంట్లో మోసముందా, వైరస్ ఉందా అని తడిమి చూసి, బాగుంటే ఎవరికి చేరాలో అటు పంపుతుంది. ఏ పేరు మీద వచ్చింది ఏ దారిన పోవాలో రాసి ఉన్న పట్టికని రూటింగ్ అంటాం. లోపల్నుంచి బయటికి పోయేవాటికి ఇంకో జాబితా ఉంటుంది. ఆసుపత్రిలో ఏయే మిషన్లు ఈ పెట్టె ద్వారా బయటికి మెయిల్ పంపుకోవచ్చో వాటి నంబర్లు అందులో ఉంటాయి. అది రిలే జాబితా. అందులో లేని మిషన్ ఏదొచ్చి తలుపు తట్టినా పెట్టె కాదు పొమ్మంటుంది. అంతే. నిద్ర రాలేదు కదా?

ఇప్పుడు నీకు చెప్పని సంగతి ఒకటి. నువ్వు క్యాంపుకి వెళ్లిన నెలకి మనింటికి ఒక ఫోనొచ్చింది. ఎవరో మగమనిషి. "మేడం గారున్నారా? ఆవిడ బ్లడ్ గ్రూప్ మాకు కావాలండీ, చాలా అరుదైంది కదా, మాట్లాడుకుందాం" అన్నాడు. "మీకీ నంబరు ఎవరిచ్చారు?" అంటే పెట్టేశాడు. నీ గ్రూపు సంగతి ఈ లోకంలో రెండు చోట్లే రాసి ఉంది. ఒకటి నీ పర్సులో కార్డు, రెండోది మా బ్లడ్ బ్యాంకులో దాతల జాబితా. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. ఆ నెలలోనే ఇంకో ఆరుగురు దాతలు కౌంటర్ దగ్గరికొచ్చి అదే గోల పెట్టారు. ఎవరో రక్తం బేరం చేసేవాళ్లు పదే పదే ఫోన్లు చేస్తున్నారని, ఇంకోసారి వస్తే మా పేరు కొట్టేయండని.

ఆ జాబితాని ఇరవై ఏళ్లుగా చూసుకుంటున్నది బ్లడ్ బ్యాంకులో సీనియర్ టెక్నీషియన్ అయిన మీ పిన్ని.

సరిగ్గా అప్పుడే మా పాత పెట్టె మూలన పడబోతోందని కొత్తది తెప్పించారు. పాతదాంట్లోని ప్రతి వరసా చదివి, అక్కర్లేనివి తీసేసి, మిగిలినవి కొత్తదాంట్లో రాయడం నా పని. రిలే జాబితాలో పద్నాలుగు నంబర్లున్నాయి. పదమూడింటి పక్కన ఫలానా విభాగం, ఫలానా మిషన్ అని రాసి ఉంది. పద్నాలుగోదాని పక్కన ఖాళీ. అన్ని విభాగాలకీ ఫోన్ చేశాను. మాది కాదంటే మాది కాదన్నారు.

అది రోజూ ఏం చేస్తుందో రికార్డులో చూశాను. ఉదయం పదకొండూ పదికి ఒక మెయిల్, సాయంత్రం నాలుగూ పదికి ఒకటి. రెండూ బయట ఎవరిదో సొంత అడ్రసుకి. రెండు వాక్యాలకి మించని చిన్న మెయిల్, లోపల ఏముందో రికార్డు చూపదు. పైన విషయం ఉండాల్సిన చోట ఒక్క అంకె: 4.1. మర్నాడు 3.8. ఆ మర్నాడు 4.4. ఇది సంకేతం కాక ఇంకేమిటి? నాలుగు అంటే ఒక గ్రూపు, చుక్క పక్కది దాతల సంఖ్య అనుకున్నాను. వారం రోజులు కాగితాల మీద ఆ అంకెలు వేసుకుంటూ కూర్చున్నాను. నీ కూతురు నాకు లెక్కలు రావేమోనని జాలిపడింది.

ఆ నంబరు ఏ గోడలో కేబుల్‌ది అని వెతుక్కుంటూ పోతే మీ పిన్ని గదిలో తేలాను. బీరువా వెనక, గుడ్డ కప్పి, ఒక పాత కంప్యూటర్. దాన్నుంచి సన్నటి వైరు ఒకటి గోడకి కన్నం చేసుకుని అవతలి గదిలోకి పోయింది. నేను వంగి చూస్తుండగా ఆవిడ వచ్చింది.

"ఏం వెతుకుతున్నావు బాబూ?"

"ఈ కంప్యూటర్ ఎవరిదండీ?"

మీ పిన్ని మొహంలో రంగు మారింది. అది నేను కల్పించుకున్నది కాదు, నిజంగానే మారింది. "పాతదిలే. దాని జోలికి పోకు. టీ తాగుదువుగాని రా" అంది.

ఆ రోజు నుంచి నాకు ప్రతిదీ అనుమానమే. ఆవిడ సొరుగుకి తాళం వేస్తే అనుమానం. నేను రాగానే ఎవరితోనో మాట ఆపేస్తే అనుమానం. పదకొండూ పది అవుతుంటే గోడ గడియారం వైపు చూస్తే, ఇక చెప్పక్కర్లేదు. ఒకరోజు గది బయట నిలబడి విన్నాను కూడా. అవును, చాటుగా నిలబడ్డాను. ఫోన్లో అంటోంది: "ఇవాళ్టిది అందిందా? రెండూ వచ్చాయా? సరే. ఎవరికీ తెలియలేదులెండి."

ఇంకేం కావాలి నాకు? మన ఫోన్ నంబరు, నీ రక్తం వివరం అమ్ముకుంటున్నది నిన్నెత్తుకుని పెంచిన మనిషే అని నమ్మేశాను. నాకీ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. పిచ్చుక పుట్టినప్పుడు పదిహేను రోజులు సెలవు పెట్టి మనింట్లో ఉన్నదీ ఆవిడే. ఇవన్నీ గుర్తొచ్చాయి. వస్తే ఏం చేశానో తెలుసా? అంత మంచితనం వెనక ఏదో ఉండే ఉంటుందని వాటికి కూడా కారణాలు వెతికాను.

ఆవిణ్ణి ఒక్కమాట అడగలేదు. తిన్నగా సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాను. గురువారం. అన్నీ విని ఆయన కళ్లజోడు తీసి, "ఆవిడ మీకు బంధువు కదయ్యా?" అన్నాడు.

"అందుకే చెప్తున్నాను సార్, రేపు నా మీదికి రాకూడదని" అన్నాను.

గదిలోంచి బయటికొచ్చాక నా నడకే మారిపోయింది. ఎంత నిజాయితీపరుణ్ణో అని నామీద నాకే ముచ్చటేసింది. ఇది రాస్తుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

శుక్రవారం ఆయన ఆవిణ్ణి పిలిపించాడు. ఆ మిషన్ నాదే, పర్మిషన్ తీసుకోలేదు, ఎందుకంటే అని ఆవిడ చెప్పబోతే, నోటిమాటలొద్దు, సోమవారానికల్లా రాతపూర్వకంగా ఇవ్వమన్నాడట. అంతవరకూ బ్లడ్ బ్యాంకులో అడుగుపెట్టకుండా పాత రికార్డుల గదికి మార్చాడు. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి దుమ్ము పట్టిన ఫైళ్ల మధ్య కూర్చుంది.

శనివారం సాయంత్రం అయిదు దాటాక నేను కొత్త పెట్టెని పనిలో పెట్టాలి. వరండాలో మీ పిన్ని ఎదురైంది. చేతిలో రెండు మూడు తెల్లకాగితాలున్నాయి. ఇన్నేళ్లూ నన్ను బాబూ, నువ్వు అన్న మనిషి,

"కొత్త పెట్టె పెడుతున్నారట కదండీ" అంది.

ఆ "అండీ" వీపుమీద చరిచినట్టు తగిలింది. తలూపాను.

"నా గదిలో మిషన్‌ని మాత్రం ఆపకండి. సోమవారానికల్లా అన్నీ రాసిస్తున్నాను. అంతవరకైనా ఉండనివ్వండి."

"సరేనండీ" అన్నాను.

నేను ఆ "సరే" అంటున్నప్పటికే నా మనసులో అది ఆగిపోయి ఉంది. ఇంత బతిమాలుతోందంటే ఎంత ముఖ్యమో అనుకున్నాను. అరగంటకి కొత్త పెట్టెలో పదమూడు నంబర్లు రాసి, పద్నాలుగోది వదిలేసి, మీట నొక్కాను.

ఆదివారం పిచ్చుకని ఈతకి తీసుకెళ్లాను. ఆ సంగతి మళ్లీ చెప్తాను.

సోమవారం పొద్దున్నే బ్లడ్ బ్యాంక్ అమ్మాయి వెనకగది తెరిస్తే ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య ఉండాల్సింది పదిహేడు చూపిస్తోంది. మామూలు గ్రూపుల రక్తం ముందుగదిలో ఇంకో ఫ్రిజ్‌లో ఉంటుంది, దానికేం కాలేదు. అరుదైన గ్రూపులన్నీ ఈ వెనక ఫ్రిజ్‌లో. నలభై ఒక్క సంచులు. ఒక్కటీ పనికి రాదు. నీ గ్రూపువి ఆరు. అందులో ఒకటి నువ్వు వెళ్లేముందు ఇచ్చి వెళ్లిందే.

ఈపాటికి నీకు అర్థమైపోయి ఉంటుంది, నువ్వు నాకంటే చురుకు. ఆ 4.1, 3.8 డిగ్రీలు. ఫ్రిజ్ సొంత అలారం పాడై ఏడాదైంది. కొత్తది కావాలని మీ పిన్ని నాలుగుసార్లు రాస్తే నాలుగుసార్లూ ఫైలు తిరిగొచ్చింది. ఆవిడ విసిగిపోయి, ఇక్కడ రిటైరైన ఫ్రిజ్ మెకానిక్‌ని పట్టుకుంది. అందరూ చల్లటాయన అంటారే, ఆయన్ని. ఆయన, ఆసుపత్రివాళ్లు పారేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చి, ఫ్రిజ్‌లోకి వైరు లాగి, రోజుకి రెండుసార్లు చల్లదనం ఎంతుందో తన ఇంటికి మెయిల్ వచ్చేట్టు చేశాడు. ఆ కంప్యూటర్ నంబరు ఎప్పటినుంచో రిలే జాబితాలో ఉండిపోవడంతో పెట్టె దాన్ని ఆపలేదు. ఆరు డిగ్రీలు దాటితే మాత్రం నిమిష నిమిషానికీ వస్తుంది. పర్మిషన్ లేని పని, తెలిస్తే పీకేస్తారని ఇద్దరూ గప్‌చుప్‌గా ఉన్నారు. ఆవిడ ఎవరికీ తెలియలేదులెండి అన్నది దీని గురించే.

ఇదంతా ఆవిడ రాసిన మూడు పేజీల కాగితంలో ఉంది. ఆ కాగితం శనివారం సాయంత్రమే సూపరింటెండెంట్ బల్లమీద పెట్టి వెళ్లింది. ఆయన సోమవారం తెరిచాడు.

అదే సోమవారం మధ్యాహ్నం కాన్పైన ఒకామెకి రక్తం ఆగలేదు. ఆమెది నీ గ్రూపే. దాతలకి ఫోన్లు చేయడానికి వెనకా ముందూ చూడకుండా మీ పిన్నినే మళ్లీ పిలిచారు. నేను పక్కనే నిలబడి చూశాను. రక్తం అన్న మాట వినగానే ఒకాయన పెట్టేశాడు. ఒకావిడ తిట్టింది, మీలాంటివాళ్ల వల్ల నంబరు మార్చుకోవాల్సి వస్తోందని. బేరగాళ్లు వాళ్లని అంతలా వేధించారు మరి. "అమ్మా, నేను ఆసుపత్రి నుంచే, నా గొంతు గుర్తుపట్టలేదా?" అని మీ పిన్ని ఒక్కొక్కరినీ బతిమాలింది. తొమ్మిదో ఆయన నమ్మాడు. భోజనం మీంచి లేచి వచ్చాడు. ఆ తల్లి పదకొండు రోజులు ఐసీయూలో ఉంది. బతికింది. బిడ్డ బాగుంది.

మంగళవారం విచారణలో చల్లటాయన్ని కూడా పిలిచారు. ఆదివారం పొద్దున మెయిల్ రాలేదు కదా, మీకు అనుమానం రాలేదా అని అడిగారు. "వచ్చింది సార్. అప్పుడే మేడంకి ఫోన్ చేశాను. 'కొత్త పెట్టె పెడుతున్నారు, అందుకే ఆలస్యమవుతుందేమో. ఆపొద్దని మా అల్లుడికి చెప్పాను, సరేనన్నాడు, ఆపడులెండి' అన్నారు" అని చెప్పాడు. గదిలో ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

అక్కడితో అయిపోలేదు. మరి దాతల వివరాలు ఎవరు బయటపెట్టారు? మీ పిన్ని మీద ఆ మచ్చ ఇంకా అలాగే ఉంది. నేను బుధవారం తలుపేసుకుని పట్టికలో ప్రతి వరసా మొదటినుంచీ చదివాను. ఈసారి రిలే జాబితా కాదు, రూటింగ్. అక్కడ దొరికింది. దాతల శిబిరాలు నడిపే ఒక సంస్థ ఉండేది. కొత్త దాత పేరు నమోదైనా, ఉన్నవాళ్ల వివరం మారినా దాని కాపీ ఒకటి ఆ సంస్థకి వెళ్లాలని ఒక వరస. ఆ సంస్థ మూతపడి రెండేళ్లైంది. వాళ్ల మెయిల్ అడ్రసులోని ఇంటర్నెట్ పేరు గడువు తీరిపోతే ఇంకెవరో కొనుక్కున్నారు. మా పెట్టె పాపం ఆ కొత్తవాళ్లకి రోజూ వివరాలన్నీ చేరవేస్తూనే ఉంది. పోయినేడు మనింటి ఫోన్ నంబరు మారిందని రాయించావు గుర్తుందా? అదీ అలాగే పోయింది.

ఆ వరస పక్కన ఖాళీ లేదు. రాసిన తేదీ ఉంది, నాలుగేళ్ల కిందటిది. రాసినవాడి పేరుంది. అది నా పేరు.

చెరిపేస్తే ఎవరికీ తెలియదు. కాదనను, నా వేలు కాసేపు ఆ మీట మీదే ఉంది. తర్వాత లేచి, దాన్ని కాగితం మీద అచ్చువేయించి, సూపరింటెండెంట్ బల్లమీద పెట్టాను. పెట్టె పని నా దగ్గర్నుంచి తీసేశారు. ఇప్పుడు ప్రింటర్లు చూస్తున్నాను. మీ పిన్నిని మళ్లీ బ్లడ్ బ్యాంకుకి పంపారు. కొత్త అలారం వచ్చింది. నేను వెళ్లి క్షమించమని అడిగాను. "ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది, చూడండి" అంది. చూసి వచ్చాను.

ఇంతవరకూ ఆసుపత్రిలో అందరికీ తెలిసిందే. ఇక ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పనిది.

ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక ఈత కొడుతోంది. నేను గట్టుమీద కూర్చుని ఫోన్లో కొత్త పెట్టె ఎలా ఉందో చూశాను. మూడుంబావు. ఎర్ర అక్షరాల్లో వరసలు వరసలుగా: పద్నాలుగో నంబరు మిషన్, రిలే లేదు, వెనక్కి. మళ్లీ అదే. నేను చూస్తుండగానే ఇంకోటి. లెక్కపెట్టాను, ముప్పై ఏడు. గుమ్మంలోనే కాదన్నాం కాబట్టి లోపల ఏం రాసుందో తెలియదు. రోజుకి రెండు పంపేది నిమిషానికొకటి ఎందుకు పంపుతోందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే చాలు. నేను నవ్వాను. దొంగ కంగారు పడుతోంది, ఉక్కిరిబిక్కిరి అవుతోంది అనుకున్నాను. పిచ్చుక నీళ్లలోంచి తల ఎత్తి "ఎందుకు నవ్వుతున్నావు నాన్నా?" అంది. "మీ నాన్న ఒకళ్లని పట్టుకున్నాడమ్మా" అన్నాను. దానికి ఐస్‌క్రీం కూడా కొనిపెట్టాను.

విచారణలో నేను ఆ రికార్డుని సోమవారమే చూశానని చెప్పాను. ఎవరూ అనుమానించలేదు. అందరినీ అనుమానించిన నన్ను ఒక్కరూ అనుమానించలేదు.

ఇరవై నాలుగు రోజులు మోశాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు నోటిదాకా వచ్చింది, కానీ నీ వెనక డ్రిల్లింగ్ చప్పుడు, లైన్లో ఇంకా నలుగురు. అందుకే ముక్తసరి. నిన్న నీ ఉత్తరం మళ్లీ చదివాను. పిన్ని ఒంట్లో ఎలా ఉందన్న దగ్గర ఆగిపోయాను. ఇవాళ పొద్దున బ్లడ్ బ్యాంకుకి వెళ్లి, ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు, నిలబడే చెప్పేశాను. నేను ఫోన్లో చూసిందీ, నవ్విందీ, అబద్ధం చెప్పిందీ, మూడూ. ఈ ముక్క రాసి సంతకం పెట్టిన కాగితం రేపు విచారణలో ఇస్తానని కూడా చెప్పాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

ఆవిడ రక్తం సంచులకి చీటీలు అంటిస్తోంది. చేతులు ఆపలేదు.

"ఎన్నింటికి చూశారన్నారు?"

"మూడుంబావుకి."

ఇంకో చీటీ అంటించింది. దాని అంచులు గోటితో నొక్కింది.

"నేను ఇంట్లోనే ఉన్నాను" అంది. "బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఒక్క ఫోన్ చేసి ఉంటే నడిచొచ్చినా పది నిమిషాలు."

అంతే. ఇంకో సంచి అందుకుంది.

నువ్వు నా తరఫున ఆవిడకి ఏమీ రాయకు. నీ తరఫున రాయి, ఒంట్లో ఎలా ఉందో అడుగు. నాకేం రాయాలో నువ్వే నిర్ణయించుకో. ఎంత ఆలస్యమైనా సరే, రాయి.

ఇట్లు,
మీ ఆయన